పూలు కట్టుకోనన్న రోజు

మల్లెపూల వాసనకి లోకమంతా మురిసిపోతుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఇవాళ పొద్దున్న మనవరాలు తడిగుడ్డలో చుట్టిన మూరెడు పూలు తెచ్చి తలలో పెట్టబోతే, "అవతల పెట్టవే తల్లీ" అని కసిరేశాను. పాపం, బిక్కమొహం వేసింది. ఆ వాసన తగిలితే నాకు సూరమ్మ పిన్నిగారు గుర్తొస్తారనీ, ఆవిడ గుర్తొస్తే ఈ వయసులో కూడా నడుం బిగించి ఎవరితోనైనా దెబ్బలాడాలనిపిస్తుందనీ దానికేం తెలుసు?

రాజోలు దగ్గర మా అత్తవారింటి పక్కిల్లు ఆవిడది. వరసకి ఏమీ కారు. అందరూ పిన్నిగారనేవారు గనక నేనూ అలాగే పిలిచేదాన్ని. ఎదురుగా పిన్నిగారనడం, వెనక గయ్యాళి అనడం మా వీధి మర్యాద. ఆవిడ గొంతెత్తితే కొబ్బరికాయలు దింపే మనుషులు చెట్టుమీదే ఆగిపోయేవారు. నేనేమో పెద్దవాళ్ళ ముందు తలెత్తడం కూడా రాని పిల్లని. ఇదంతా పందొమ్మిదివందల యాభైల్లో మాట.

కొత్తపేటలో పుట్టింట పురుడు పోసుకుని, అయిదో నెలలో బాబునెత్తుకుని పడవ మీద అత్తారింటికొచ్చాను. వచ్చిన కొద్దిరోజులకే వాడు పాలు మానేశాడు. నిన్నటిదాకా ఆవురావురుమని తాగినవాడు, రొమ్ము దగ్గరికి తీసుకుంటే చాలు, వెనక్కి విరుచుకుపడి గుక్కపట్టేవాడు. జ్వరం లేదు, జలుబు లేదు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు, విభూతి పెట్టించారు. వాడు మొహం తిప్పుకుంటూనే ఉన్నాడు. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయేది. రొమ్ములు రాళ్ళై, ముట్టుకుంటే ప్రాణం పోయేది. అన్నిటికన్నా, కన్నబిడ్డే నన్ను వద్దంటున్నాడని నా ఏడుపు.

అత్తయ్యగారు తీర్పు చెప్పేశారు. "నీ పాలు చెడ్డాయమ్మా. ఇంక ఎండగట్టేయాలి. గేదెపాలల్లో నీళ్ళు కలిపి పడదాం." మా వైపు పాలు ఎండగట్టాలంటే రొమ్ములకి మల్లెపూలు కట్టేవారు. బిడ్డ పోయిన తల్లికి కట్టే పూలు, బిడ్డ బతికుండగా నాకు! అయినా, పళ్ళెంనిండా విడిపూలు పెట్టుకుని ఆవిడ కూర్చుంటే, జాకెట్టు ముడి విప్పుకోవడం మొదలెట్టాను.

సరిగ్గా అప్పుడే మజ్జిగ తోడుకోసం పెరటి గుమ్మంలోంచి వచ్చారు సూరమ్మ పిన్నిగారు. పళ్ళెం చూసి ఆవిడ మొహం మారిపోయింది.

"ఏంటండీ వదినగారూ ఇది? బిడ్డ బంగారంలా ఉంటే పూలెందుకూ?"

"పాలు విషమైపోయాయి సూరమ్మా. వాడు ముట్టట్లేదు."

"విషమా? ఏదీ, చూద్దాం." ఉగ్గుగిన్నె నా చేతికిచ్చి, "పిండమ్మాయ్" అన్నారు. పిండాను. అందరూ చూస్తుండగా గిన్నె ఎత్తి గుటుక్కున తాగేశారు! మూతి తుడుచుకుని, పీట వాల్చుకుని కూర్చున్నారు. "సాయంత్రందాకా ఇక్కడే ఉంటానండి. నా ప్రాణం పోతే కట్టండి ఆ పూలు. పోకపోతే దేవుడికి పంపించండి."

అత్తయ్యగారు "రామ రామ" అనుకుంటూ లోపలికెళ్ళిపోయారు.

"వాడికి కోపం వచ్చింది, అంతే," అన్నారు పిన్నిగారు నాతో. "ఊరు మారింది, ఇల్లు మారింది. తలో చెయ్యీ పడుతోంది. మొండికేసేడు. వాడికన్నా నువ్వు మొండికెయ్యి. బలవంతాన నోట్లో కుక్కకు. పూటపూటా పిండి ఉగ్గుగిన్నెతో పట్టు. గుండెకి ఆనించుకుని పడుకోబెట్టుకో. నిద్రమత్తులో ఉన్నప్పుడు మెల్లిగా దగ్గరికి తీసుకో."

"అప్పటికీ తాగకపోతేనో?"

"మళ్ళీ పిండు." గొంతు తగ్గించి అన్నారు: "నాకు కట్టేరమ్మాయ్, నా మొదటిదానికి. పాలు ఇంకిపోయేయి. గేదెపాలు దానికి పడలేదు." ఆవిడింట్లో ఉన్నది ఇద్దరు మగపిల్లలే. నేను మళ్ళీ ఉగ్గుగిన్నె అందుకున్నాను.

ఆ వారంలోనే ఆవిడ అంతర్వేదిలో చెల్లెలింటికి వెళ్ళాల్సొచ్చింది. వెళ్తూ వెళ్తూ, "మళ్ళీ పూలు తెస్తారు. నా నోరు నీకు అరువివ్వలేను," అన్నారు. అన్నట్టే అయింది. అత్తయ్యగారు రాక్షసేం కాదు, మనవడు చిక్కిపోతున్నాడని ఆవిడ కంటికి కునుకుండేది కాదు. పళ్ళెం పట్టుకొచ్చి, "రా అమ్మా, ఇంక పంతం చాలు," అన్నారు.

జాకెట్టు ముడి బిగించుకున్నాను. "కట్టుకోనండి అత్తయ్యగారూ."

"ఏమన్నావ్?"

"కట్టుకోనండి. నా పాలు మంచివే. వాడు తాగేదాకా పిండుతూనే ఉంటాను. మీరు తిట్టండి, కొట్టండి, పూలు మాత్రం కట్టుకోను!"

ఆ గొంతు నాదేనా అని నేనే హడలిపోయాను. ఆవిడ పళ్ళెం అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. తరవాత నాతో మాటల్లేవు. నేను పిండుతూనే ఉన్నాను, వాడికి పడుతూనే ఉన్నాను. ఓ మధ్యాహ్నం వాణ్ణి గుండెమీద పడుకోబెట్టుకుని కునుకు తీస్తుంటే, వాడు నిద్రలోనే తలతో వెతుక్కుని రొమ్ము అందుకున్నాడు. గుటక చప్పుడు వినిపించింది. కేక పెట్టాలనిపించింది గానీ, కదిలితే వదిలేస్తాడని ఊపిరి బిగబట్టాను. గుమ్మంలోంచి అత్తయ్యగారు చూశారు. విసనకర్ర తెచ్చి, మా ఇద్దరికీ విసురుతూ కూర్చున్నారు.

పిన్నిగారు తిరిగొచ్చిన రోజు బాబునెత్తుకుని పరుగెత్తాను. "తాగుతున్నాడండీ!"

ఆవిడ వాడి వంకైనా చూడలేదు. "అది సరే. కట్టుకోనన్నావా?"

"ఆయ్, అన్నానండి."

"గట్టిగా?"

"గట్టిగానే అన్నానండి."

వీధంతా జడిసే ఆ మనిషి గుమ్మంలోనే చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేశారు. "నేను అనలేకపోయేనమ్మాయ్," అన్నారు.

ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఇవాళ్టికీ ఎవరినైనా కాదనాల్సొస్తే నేను గొంతు తగ్గించను. ఆవిడ వాటా కూడా నేనే అనాలి.