పడవ ట్రైలర్‌కు డోరు

ఇనుముకు పూసే రెడ్ ఆక్సైడ్ రంగు వాసన తగిలితే మీకేం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం పరిగిలో మా ఇంటి ముందు టైర్లు ఊడదీసి రాళ్ల మీద నిలబెట్టిన ట్రాక్టర్ ట్రైలరే గుర్తొస్తుంది. ఈ గ్రూపులో ఉన్న మీలో సగం మంది చిన్నప్పుడు అది ఎక్కినవాళ్లే. దాన్ని పడవనుకుని చీపుర్లతో తెడ్లు వేసేవాళ్లం, జ్ఞాపకముందా? అందులో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు తుమ్ముతూనే!

"దిగండ్రా, మిరక్కాయలు తొక్కుతాండారు!" అని మా అవ్వ అరిచేది.

నిన్న అదే వాసన హిందూపురంలో ఒక వెల్డింగ్ షాపులో తగిలింది. మన ఊరి చెరువు నిండిందని మోజుపడి ఈమధ్య నిజం పడవే కొన్నాను. తెస్తుంటే పెనుకొండ దగ్గర దాని ట్రైలర్ యాక్సిల్ విరిగింది. రేపు రేపంటూ నన్ను తిప్పి తిప్పి, వెల్డర్ నిన్నటికి పని ముగించాడు. యాక్సిల్ అతికించాడు, బాగుంది. ఎవరూ అడక్కుండానే చుట్టూ రేకులు కొట్టి, వెనక డోరు కూడా పెట్టాడు! పడవ నీళ్లలోకి జారాల్సింది ఆ వెనక నుంచే.

"డోరు పెట్టమని ఎవురు చెప్పినారప్పా నీకు?" అని అరిచాను.

"డోరు లేని ట్రైలరు యాడన్నా ఉంటాదా అన్నా? చెరువు ఎండినాక శెనక్కాయలు తోలుకోవచ్చులే."

ఒళ్లు మండిపోయింది. కానీ చిన్నప్పుడు మనం క్రికెట్ ఆడింది ఎండిపోయిన ఆ చెరువులోనే కదా, ఇంక ఏమని కొట్లాడేది?

దగ్గరుండి రేకులన్నీ, డోరుతో సహా పీకించాను. డోరు మాత్రం పారెయ్యొద్దన్నాను.