మాస్టారి బొమ్మకి కళ్ళజోడు

ఆదివారం ఉదయం 6.20కి విజయనగరం బస్టాండులో శ్రీకాకుళం బస్సు ఎక్కాను. పాతపట్నానికి ఇవతల ఒక ఊరి గ్రంథాలయంలో మర్నాడు ఒక బొమ్మ ఆవిష్కరణ. ముందురోజే వచ్చి, పోలిక సరిపోయిందో లేదో చూసి చెప్పమని గ్రంథాలయం వారు ఉత్తరం రాశారు.

బొమ్మ కరపత్రాల మాస్టారిది. యాభై ఏళ్ళ కిందట, కొండల్లో పోరాటం నడిచిన రోజుల్లో, నేను పనిచేసిన అచ్చాఫీసుకి ఆయన తను రాసిన కరపత్రాలు పట్టుకొచ్చేవారు. నేను అక్షరాలు పేర్చేవాణ్ణి. పేరు మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు. తర్వాత అడవిలో పోయారన్నారు. పోలీసుల భయంతో వాళ్ళమ్మ ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ పొయ్యిలో పెట్టేసిందట. అందుకని ఆర్టిస్టు, ఆయన్ని చూసినవాళ్ళని అడిగి అడిగి బొమ్మ వేశాడు. నేనూ నా పాత డైరీ తీసి, అందులో ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను: సన్నటి మనిషి, మీసం లేదు, నల్ల ఫ్రేము కళ్ళజోడు.

8.05కి శ్రీకాకుళం. ఆర్టీసీ కాంప్లెక్సులో ఇడ్లీ తిని 8.40కి పర్లాకిమిడి బస్సు ఎక్కాను. పొద్దున్న వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు. పక్కన ఎండుచేపల బుట్టతో ఒకామె కూర్చుంది.

"ఏటి రాత్తన్నావు తాతా?"

"బస్సు ఏ టైముకి ఎక్కడ ఆగిందో రాసుకుంటున్నానమ్మా."

"రాత్తే బేగెల్తాదేటి?" అని కిటికీ వైపు తిరిగిపోయింది.

10.35కి దిగాను. గ్రంథాలయం రోడ్డు పక్కనే. రాజాంలో బట్టల కొట్ల బోర్డులు రాసే ఆర్టిస్టు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపల బెంచీ మీద, కిటికీ వెలుగుకి ఎదురుగా బొమ్మ ఆనించి ఉంది. చూడగానే పోల్చుకున్నాను. ఆయనే. ఆ నల్ల ఫ్రేము, ఆ చూపు, జేబులో కలం.

కాసేపటికి మాస్టారి చెల్లెలు సన్యాసమ్మగారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు. ఎనభై దాటాయి. ఒక కన్ను పోయింది, రెండోది పోతోంది. అది కూడా పోకముందు అన్న మొహం ఒక్కసారి చూసుకోవాలని ఆమె పట్టుబట్టబట్టే ఈ బొమ్మ పని మొదలైందట. బొట్టు పెట్టడానికి కొంగున కుంకం ముడి వేసుకొచ్చారు. బొమ్మకి జానెడు దూరంలో నిలబడి చాలాసేపు చూశారు.

"ఇతనెవులు?"

కర్ర ఎత్తి కళ్ళజోడు వైపు చూపించారు.

"మా అన్నియ్యకి కళ్ళజోడేటి? సీకట్లో సూదిలోకి దారం ఎక్కించీవోడు. పరాయి మగోడికి నాను బొట్టెట్టను."

ఆర్టిస్టు నా వైపు చూశాడు. "ఈ తాతగారు రాశారమ్మా. కళ్ళజోడు అన్నిటికన్నా ఆఖర్న నిన్ననే వేశాను, ఇంకా పచ్చిగానే ఉంది."

"నువ్వు సూసినావా బాబూ?" అని ఆమె నన్నడిగారు.

"చూశానమ్మా. డైరీలో ఉంది."

"డైరీలో ఉందా. నాను ఆడితో ఒక కంచంలో తిన్నాను."

అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. ప్రూఫు దిద్దేటప్పుడు ఆయన కళ్ళజోడు తీసి సీసం అక్షరాలుండే గళ్ళ కేసు మీద పెట్టేవారు. అదే పైకి అనేశాను.

"సూసినావా మరి," అన్నారామె. "సదువుకి అక్కర్లేని జోడు పోలీసోల కోసవే. మారువేసం. తీసీ నాయినా."

కనీసం కళ్ళజోడు జేబులోనైనా వెయ్యమని ఆర్టిస్టుని అడిగాను. "కలం ఉన్నాది గదా, సాలు," అన్నారామె.

అతను గుడ్డకి టర్పెంటైను అద్ది నెమ్మదిగా తుడిచాడు. ఫ్రేము ముందు మసకబారి, తర్వాత గుడ్డకి అంటుకుని వచ్చేసింది. సన్యాసమ్మగారు ముక్కు తగిలేంత దగ్గరికి వంగారు.

"ఇదిగో. మావిడికాయ దొంగిలిత్తే నన్ను ఇలాగే ఉరిమి సూసీవోడు." కొంగు ముడి విప్పి, వేలితో నుదుటిన బొట్టు పెట్టారు. "అవునా బాబూ?"

బొమ్మ వైపు చూశాను. ఆ మనిషిని నేనెన్నడూ చూడలేదు.

"అవునమ్మా," అన్నాను.

ఆవిష్కరణకి ఉండమన్నారు. ఉండబుద్ధి కాలేదు. సన్యాసమ్మగారింట్లో భోంచేసి 3.10కి తిరుగు బస్సు ఎక్కాను. నరసన్నపేట దాటాక ఇంకో సంగతి తట్టింది. కేసు మీద కళ్ళజోడు పెట్టే అలవాటు మా ఫోర్మన్‌కి కూడా ఉండేది. నాకు గుర్తున్న ఆ చెయ్యి ఎవరిది? వెంట తెచ్చుకున్న పాత డైరీ తిరగేశాను. అందులో కళ్ళజోడుంది కానీ, ఎవరి చెయ్యీ లేదు.

ప్రయాణం కష్టమేమీ కాదు; పొద్దున్న బయల్దేరితే దీపాలవేళకి ఇల్లు చేరొచ్చు. బొమ్మ బాగుంది, వెళ్ళి చూడండి. అది సన్యాసమ్మగారి అన్నయ్య. అందులో నాకు సందేహం లేదు. కానీ మా అచ్చాఫీసుకి వచ్చిన మనిషి మొహం ఈ లోకంలో ఒక్కచోటే ఉండేది, నా మాట పట్టుకునే దాన్ని తుడిచారు.