తలెత్తిన పురుగులు

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ దాటుతుంటే ఆ పచ్చి వాసన ఆటోలోకి కొట్టింది. పక్కన నా కూతురు కాలు ఊపుతూనే ఉంది. పిల్లల్ని కుదురుగా ఉండనివ్వని ఏడీహెచ్‌డీ కావచ్చని టీచరు అంటే డాక్టరుకు చూపించడానికి వెళ్తున్నాం.

ఆ వయసులో నేనూ అంతే. బడిలో బెంచీ మీద కుదురుగా కూర్చునేదాన్ని కాదు. ఒక పొద్దున నాయన, పట్టుపురుగుల తట్టల దగ్గరున్న అవ్వతో, "అమ్మా, దీనికి కుదురే లేదు. రేపు హిందూపురం ఆసుపత్రికి పిల్చకపోతా" అన్నాడు.

తట్టల్లో పురుగులన్నీ బుద్ధిగా మల్బరీ ఆకు మేస్తున్నాయి. మేత మాని, తలలెత్తి అటూ ఇటూ తిరిగేవాటిని మాత్రం అవ్వ ఏరి బుట్టలో వేస్తోంది. కుదురులేనివాటిని పారేస్తున్నారనుకున్నాను. గోడకు ఆనుకుని కూర్చుని మోకాళ్లను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. అయినా అవి ఊగుతూనే ఉన్నాయి.

"ఏమే, అట్ల వణుకుతాండావు?" అంది అవ్వ.

"నన్ను కూడా పారేస్తారా అవ్వా?"

అవ్వ ఒక పురుగును నా అరచేతిలో పెట్టింది. చల్లగా, మెత్తగా ఉంది. తలెత్తి దేనికోసమో వెతుకుతోంది.

"పారేసేదేంటికే, పిచ్చిదానా! ఇది పండింది. గూడు కట్టేకి తావు ఎతుక్కుంటాండాది. రా, నువ్వూ ఏరు."

ఏరినవాటిని, అవి గూళ్లు కట్టుకునే వెదురు చంద్రికల మీద వదిలాం. తలెత్తిన పురుగులు చాలాసార్లు అవ్వకంటే ముందు నాకే కనిపించాయి.

ఆటో ఆసుపత్రి ముందు ఆగింది. నా కూతురు దిగలేదు.

"అమ్మా, నన్ను ఈడ వదిలేసి పోతావా?"

"లేదమ్మా" అని తన మోకాలి మీద చెయ్యి వేశాను. దాంతోపాటు నా చెయ్యీ ఊగింది.