రిపోర్టులో పదకొండో వరుస

ఆవిడ అసలు పేరు అచ్చాఫీసులో ఎవరికీ గుర్తులేదు. ముప్ఫై రెండేళ్లు అక్కడ ప్రూఫులు దిద్దింది, ముప్ఫై రెండేళ్లూ అందరూ "భూతద్దం గారూ" అనే పిలిచారు. పెళ్లి కార్డు చేతికిస్తే ముందు పెళ్లికొడుకు పేరులో దీర్ఘం సరిగ్గా పడిందో లేదో చూసి, ఆ తరవాతే సంతోషించేది. పని మానేశాక మందు సీసాల మీది చీటీల మీద పడింది. "కోడిగుడ్డు మీద ఈకలు పీకడానికే పుట్టావు" అనేవాడు భర్త. "కనబడితే పీకొద్దా మరి?" అనేది ఆవిడ. ఆయన అదే అచ్చాఫీసులో మిషను నడిపినవాడు. గట్టిగా మాట్లాడటం అక్కడే అలవాటై, ఇంట్లో ఉప్పందుకోమన్నా వీధి చివరిదాకా వినబడేది.

అలాంటి ఇంట్లో నాలుగు రోజులుగా ఎవరూ గొంతెత్తలేదు. ఆవిడకు పొత్తికడుపులో నొప్పి అని మామూలు స్కానింగు తీస్తే, అండాశయం పక్కన నిమ్మకాయంత నీడ కనబడింది. అది ఉత్తి నీటి తిత్తో, మరొకటో తేలాలంటే పెద్ద స్కానింగు తీయాల్సిందే అన్నారు. ఆ 'మరొకటి' పేరు ఇంట్లో ఒక్కరి నోటా రాలేదు. భయమంటే అదే.

పెద్ద స్కానింగు అయితే అయింది. అప్పటి నుంచి ఆవిడకు ఆ పరీక్ష మీదే పరీక్ష పెట్టాలనిపించసాగింది.

"ఊపిరి బిగబట్టమన్నప్పుడు నాకు దగ్గొచ్చిందండీ. బొమ్మ చెదిరిపోయి ఉంటుంది."

"చెదిరితే మళ్లీ తీసేవాళ్లుగా."

"నా వయసు కొడుతూ ఆ అబ్బాయి ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్నాడు. ఏం కొట్టాడో ఏమో!"

"అనుమానం పెనుభూతం అన్నారు" అన్నాడాయన.

"పెనుభూతం కాదు, భూతద్దం" అంది ఆవిడ. నాలుగు రోజుల్లో ఇద్దరూ నవ్వింది ఆ ఒక్కసారే.

ఐదో రోజు పొద్దున్నే కూతురు వెళ్లి రిపోర్టు పట్టుకొచ్చింది. చెప్పులు కూడా విడవకుండా చివరి వరుస చదివేసింది: "హానికరమైనవేవీ కనబడలేదు." అంతే! ఆయనకు పోయిన గొంతు లేచొచ్చింది. కూతురి రెండు చేతులూ పట్టుకుని, సోఫాకూ డైనింగు బల్లకూ మధ్య ఉన్న కాస్త జాగాలోనే గిర్రున తిరగడం మొదలెట్టాడు. పొయ్యి మీద పాలు పొంగి పోతుంటే పోనిమ్మన్నాడు.

ఆవిడ మాత్రం కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్సిలు తీసి, పై నుంచి చదవడం మొదలుపెట్టింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది.

"ఏమండీ, నా ప్రోస్టేటు బాగానే ఉందట."

"మంచిదేగా!" అన్నాడాయన తిరుగుతూనే.

తిరగడం ఆపింది కూతురు. "అమ్మా, అది మగవాళ్లకే కదే ఉండేది!"

పదకొండో వరుస. దాని మీది వరుసలో పిత్తాశయం కూడా బ్రహ్మాండంగా ఉందని రాశారు. ఆవిడ పిత్తాశయం ఆరేళ్ల క్రితమే ఆపరేషను చేసి తీసేశారు. ఇంకేముంది, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాగుందని వస్తే కూడా తప్పులు పట్టాలా?" అని భార్య మీద కస్సుమన్నాడు. అది కోపం కాదని ఆవిడకు తెలుసు.

"ఈ మంచి కబురు ఎవరో మగమనిషిదండీ. మరి నాదెక్కడుంది?"

ఆయన అందరికన్నా ముందు చెప్పులేసుకున్నాడు.

స్కానింగు సెంటరులో కౌంటరు అతను కాగితం చూసి చిన్నగా నవ్వాడు. "టైపింగు మిస్టేకమ్మా. ఆ రెండు వరుసలూ మార్చి ఇచ్చేస్తాం, కూర్చోండి."

"ప్రూఫును ఊహించి దిద్దకూడదు బాబూ. మూలప్రతి పక్కన పెట్టుకుని దిద్దాలి. నా మూలం చూపించు."

"మూలమంటే?"

"నా కడుపు!"

ఆ మాటకు బెంచీల మీద ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. లోపలి నుంచి డాక్టరమ్మ కూడా వచ్చింది. చిన్న పిల్ల, కూతురి కన్నా చిన్నది. కాగితం చదివి చెవులదాకా ఎర్రబడింది.

"క్షమించండమ్మా. అంతకుముందు వాళ్ల రిపోర్టు తీసి, దాని మీదే మార్చుకుంటూ టైపు చేస్తాం. రెండు వరుసలు మార్చడం మరిచిపోయాను."

"పాత మేటరు మీద కొత్తది కట్టావన్నమాట. మా ప్రెస్సులోనూ ఉండేది ఈ రోగం. ఓసారి సంతాపసభ కార్డు మీద 'విందారగించి ఆనందింపజేయండి' అని ఉండిపోయింది. నా కంట పడబట్టి సరిపోయింది." అని ఆవిడ గొంతు తగ్గించింది. "మరి ఆ చివరి వరుస తల్లీ? హాని లేదన్నది? అది నాదా, ఆ మగమనిషిదా?"

డాక్టరమ్మ ముగ్గురినీ లోపలికి తీసుకెళ్లి, కంప్యూటరులో బొమ్మలు తెరిచి, ఒక్కొక్కటే జరుపుతూ చూపించింది.

"ఇది మీ కాలేయం. దీని కింద పిత్తాశయం ఉండాలి, లేదు. తీసేసినచోట వేసిన క్లిప్పులు ఇవిగో, మెరుస్తున్నాయి."

"లేదు కదూ? అయితే ఇది నా కడుపే!" అంది ఆవిడ. ఒంట్లో ఒక అవయవం లేదని అంత సంబరపడిన మనిషిని ఆ డాక్టరమ్మ అంతకుముందు చూసి ఉండదు.

బొమ్మ ఇంకా కిందికి జరిగింది. నిమ్మకాయంత నీడ వచ్చింది. ఆయన కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. డాక్టరమ్మ తొందరపడలేదు. ముందుకూ వెనక్కూ రెండుసార్లు జరిపి చూసింది.

"పొర పల్చగా ఉంది. లోపల అంతా నీళ్లే, గట్టిదేమీ లేదు. నీటి తిత్తి అమ్మా. ఆరు నెలలకోసారి చూసుకుంటే చాలు. ఆ చివరి వరుస నేను ఇది చూసి రాసిందే. మీదే."

కొత్త రిపోర్టు అక్కడికక్కడే వేడివేడిగా బయటికొచ్చింది. కూతురు అమ్మకు ఎర్ర పెన్సిలు అందించింది. ఆవిడ పుచ్చుకోలేదు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, కళ్లూ తుడుచుకుంది, అయినా లాభం లేకపోయింది.

"మీరు చదవండి. నాకు అక్షరాలు ఆనడం లేదు."

ఆయన అందుకుని, బయట బెంచీల వాళ్లకు కూడా వినబడేలా మొదటి నుంచీ చదివాడు. చివరికొచ్చాడు. "హానికరమైనవేవీ కనబడలేదు." మళ్లీ చదివాడు. "హానికరమైనవేవీ కనబడలేదు."

"ఆ వరుస రెండుసార్లు పడింది" అంది ఆవిడ ముక్కు ఎగబీలుస్తూ. "ఒకటి కొట్టెయ్యండి."

"కొట్టెయ్యను" అన్నాడాయన, మూడోసారి చదివాడు.