మలుపు దాటించిన టీచరమ్మ

నిన్న మా వీధిలో ఎవరో కిటికీ తలుపులకు రంగు వేస్తుంటే టర్పెంటైన్ వాసన ఇంట్లోకి వచ్చింది. ఆ వాసనకు నాకు సుశీల టీచర్ వరండా గుర్తొస్తుంది. దేవరకొండలో ఆమె మా పక్కింట్లో ఉండేది. సర్కారు బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరైన ఒంటరి మనిషి. ఆదివారం పొద్దున చర్చికి పోయేది, మిగతా కాలమంతా బొమ్మలే.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, నేను నడుపుతున్న బస్సును డిండి దారిలో ఒక మలుపు దగ్గర లారీ ఢీకొట్టింది. తప్పు లారీదేనని అందరూ అన్నారు. నా పక్కనే నిలబడి మాట్లాడుతున్న కండక్టర్ సత్తయ్య అక్కడికక్కడే పోయాడు. నా ఎముకలు అతుక్కున్నాయి గానీ చేతుల వణుకు తగ్గలేదు. దవాఖానలో ఇచ్చిన మందులు వాడుతూనే ఉన్నా, బయట హారన్ మోగితే ఒళ్లంతా చెమట పట్టేది. ఒకరోజు గిన్నె కింద పడిన చప్పుడుకు ఉలిక్కిపడి అన్నం పళ్లెం గోడకేసి కొట్టాను. నా భార్య పద్మ పిల్లనెత్తుకొని టీచర్ ఇంటికి పరుగెత్తింది.

కాసేపటికి టీచర్ వచ్చింది. ఏమైందని అడగలేదు. "శీనూ, జర మా వరండాల కూసుందువు రా" అంది. కాగితం, కుంచె, నల్ల రంగు డబ్బా నా ముందు పెట్టింది.

"నాకు బొమ్మలు రావు టీచర్."

"బొమ్మ గియ్యమని ఎవలన్నరు? చెయ్యి ఎట్ల పోతె గట్ల పోనియ్యి. కుంచె దిక్కే చూడు, గంతే."

వంకరటింకర గీతలు గీశాను. గీస్తున్నంతసేపు వీధిలో హారన్లు మోగాయో లేదో నాకు తెలియలేదు. మర్నాడు పిలవకుండానే వెళ్లాను. పోనుపోను ఆ గీతలు దారిలా తయారయ్యాయి. ఎప్పుడూ అదే దారి. మలుపు దగ్గరికి రాగానే కుంచె ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం టీచర్ మెల్లగా, "ముందట ఏమున్నది శీనూ?" అంది.

"ఏం లేదు!" అని అరిచి డబ్బా విసిరేశాను. రంగు ఆమె చీర మీద, గోడ మీద చిందింది. గేటు దగ్గర పద్మ కొయ్యబారిపోయింది. ఇక నన్ను రావద్దంటుందనుకున్నాను. టీచర్ చెంగు తుడుచుకొని ఇంకో కాగితం తెచ్చి పరిచింది. "నేను ఈడనే ఉన్న. చాతనైతె గియ్యి, కాకుంటె రేపు."

ఈసారి మలుపు దాటి గీశాను. లారీ, పగిలిన అద్దం, చివరికి సత్తయ్య ఖాకీ చొక్కా. ప్రమాదం తర్వాత అప్పుడే మొదటిసారి ఏడ్చాను.

"నవ్వుకుంట మాట్లాడిండు టీచర్. మాట నడుమనే పోయిండు."

"ఏం మాట్లాడిండు?"

"బిడ్డకు సైకిల్ కొనిస్తనన్నడు."

ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, ఏడుపు ఆగేదాకా అట్లాగే కూర్చుంది.

వణుకు తగ్గడానికి నెలలు పట్టింది. తిరిగి డ్యూటీకి ఎక్కిన రోజు చూస్తే, ముందు సీట్లో టీచర్.

"ఎటు పోతున్నరు?" అని అడిగాను.

"నువ్వు ఏడిదాక తోల్తె ఆడిదాక."

అదే మలుపు దగ్గరపడింది. వేళ్లు స్టీరింగ్‌కు బిగుసుకున్నాయి. ఎదురుగా లారీ వస్తోంది. వేగం తగ్గించి, లారీకి దారిచ్చి, బస్సును మలుపు తిప్పాను.

టీచర్ ఇప్పుడు లేదు. భయం మాత్రం అప్పుడప్పుడు వస్తుంది. వచ్చిన రోజు ఇంట్లో ఎవరి మీదా అరవకుండా కాగితం ముందేసుకుని కూర్చుంటాను. మొన్న సత్తయ్య ముఖం గీస్తే పద్మ చూసి, "అచ్చం గిట్లనే నవ్వెటోడు సత్తన్న" అంది. ఆ పూట అతని ముచ్చట్లు చెప్పుకుని ఇద్దరం మనసారా నవ్వుకున్నాం.