దించేయమంటావా?

ఓర్విల్‌కున్న జబ్బు ఒక్కటే. ఎవరి కాళ్ళు నేల వదిలినా సరే, తలెత్తి “దించేయమంటావా?” అని అడగందే ఊరుకోడు.

నెబ్రాస్కాలోని మా ఊళ్ళో అతన్ని కసాయి అంటారు. పెద్దవాళ్ళు అదో సాహసమని తమ ఇష్టంతోనే వచ్చి, వీపు చర్మానికి కొక్కేలు గుచ్చించుకుని గాల్లో వేలాడతారు. ఆ కొక్కేలూ తాళ్ళూ చూసేది అతనే. ఫుట్‌బాల్ మైదానంలో కుర్రాళ్ళ ఎముకలు విరిగితే ఈలలు వేసే ఊరే, హాలు అద్దెకివ్వనంటూ అతని ముఖాన తలుపేసింది. దాంతో పాత టైర్ల గోదాంలోకి మారాడు.

మా ఇంటి కప్పు బాగుచేసే మనిషి నిచ్చెనెక్కితే కింద చేరాడు.

“దించేయమంటావా?”

“ఇప్పుడేగా ఎక్కాను!”

“అందుకే అడుగుతున్నా.”

జాతరలో జెయింట్ వీల్ ఎక్కిన మా అత్తగారినీ వదల్లేదు. “ముందు ఆ మనిషిని ఇంటికి పంపండర్రా!” అని ఆవిడ పైనుంచే కేకేసింది.

స్కూలు బస్సు నడిపే మార్లిస్, నలభయ్యో పుట్టినరోజుకి వేలాడతానని డిపో అంతా టముకేసి అందర్నీ వెంటబెట్టుకొచ్చింది. తాడు లాగేది నేను. ఆమె మడమలు లేచాయి.

“దించేయమంటావా, మార్లిస్?”

“లేదు, లాగండి!” నవ్వింది గానీ పెదాలు తెల్లబడ్డాయి.

“దించేయమంటావా?”

“అబ్బ, మొదలెట్టావా! దాన్ని ఎగరనివ్వవయ్యా!” డిపోవాళ్ళ గోల.

“ఓర్విల్, ఇంక ఆపు బాబూ,” అన్నాను నేనూ.

అతను మావైపు చూడనే లేదు. కాఫీ కావాలా అన్నంత మామూలుగా మళ్ళీ అడిగాడు.

“...దించెయ్,” అంది మార్లిస్.

తాడు మెల్లగా వదులుతూ ఆమెని దించాను.

“ఇంతమందిని పిలిచి...” ఆమె ముఖం కందిపోయింది.

“ఎక్కినవాళ్ళెవరైనా దిగాల్సిందేగా తల్లీ,” అన్నాడు ఓర్విల్. కొక్కేలు తీసి, కట్టు కట్టి, పొద్దున్నే తెచ్చిపెట్టిన కేకు డబ్బా తెరిచాడు. దాని మీద క్రీముతో రాసి ఉంది: “భేషుగ్గా దిగావు, మార్లిస్!”

ఎంత ఎత్తుకెళ్ళినా, అసలు వెళ్ళకపోయినా, అతను మా అందరికీ రాయించే మాట అదొక్కటే.

మార్లిస్ పకపకా నవ్వింది. కేకు పంచడానికి కుర్చీ ఎక్కింది. డిపో మొత్తం ఒక్క గొంతుతో “దించేయమంటావా?” అంది.

“అక్కర్లేదు, ఇక్కడ బానే ఉంది!”

మీ దగ్గరా ఎవరో, మాటిచ్చేశాం కదా అని పంటిబిగువున వేలాడుతూనే ఉంటారు. వెళ్ళి అడగండి. ఒక్కసారితో సరిపెట్టకండి; మొదటి “లేదు” పక్కవాళ్ళ కోసం చెప్పేది. అలాగే మీలో ఎవరికైనా హాలుంటే ఓర్విల్‌కి అద్దెకివ్వండి. కప్పు కాస్త ఎత్తుగా ఉంటే మరీ మంచిది.