జనమొచ్చినప్పుడు తీసే బాన

కొత్త చింతపండు సంతకు దిగే కాలంలోనే మా ఇంట్లో యేడాది సరుకు పోసుకునేవాళ్లం. మాది శెనక్కాయ పండే మెట్ట. కాయలు అమ్మిన డబ్బు చేతిలో ఉండగానే కడుపుకు దాచుకోవాలి, తర్వాత అది నిలవదు. ఎండలు ముదిరాక బండి కట్టుకుని పుత్తూరు సంతకు పోయేవాళ్లం. కందిపప్పు, వడలకు రుబ్బుకునే ఉద్దులు, చింతపండు, మిరపకాయలు మూటలు కట్టించుకుని వచ్చి, ఎండబెట్టి, బానల్లో పోసి మూతి కట్టేస్తే మళ్లీ ఎండాకాలం దాకా అంగడి మొగం చూడక్కర్లేదు. నాకు చదువు రాదు. కానీ ఇంట్లో ఎన్ని నోళ్లున్నాయి, ఏ బాన ఏ నెలకు ఎంత దిగాలి అనేది నా చేతికి తెలుసు. మేము నలుగురం. నేను, మా ఆయన, అత్త, ఒక్క కూతురు.

ఆ యేడు మా ఆయనకు ఒంట్లో బాగాలేదు. కడుపులో నొప్పి అనేవాడు. సగం అన్నం తిని చేయి కడిగేవాడు. మొలతాడు జారిపోతుంటే ముడి మీద ముడి వేసుకుని, అదేదో తమాషా అయినట్టు నవ్వేవాడు. తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తిరుపతి పెద్దాసుపత్రికి పోయివచ్చాడు. ఏమన్నారని అడిగితే, లోపల పుండు ఉందట, మాత్రలు ఇచ్చారు, కారం మానమన్నారు అన్నాడు. తమ్ముడు వాకిట్లోనే నిలబడి, నేను తెచ్చిన నీళ్లు కూడా తాగకుండా వాళ్లింటికి పోయాడు. ఎండన పడి వచ్చిన అలుపు అనుకున్నాను.

అప్పుడు నాకు ఉన్న దిగులు ఒకటే. ఈ మనిషి నాకు దక్కుతాడా, దక్కడా. ఎవరినీ అడగలేను. నోటితో అంటే అదే నిజమవుతుందేమోనని భయం. అందుకని ఆయన చేసే పనుల్లో గుర్తులు వెతుక్కునేదాన్ని. తెగిన చెప్పు కుట్టించుకుంటే, సరే, ఇంకా నడుస్తాడు అనుకునేదాన్ని. పండక్కి పంచె వద్దు అంటే ఆ పూటంతా నాకు ముద్ద దిగేది కాదు.

సంతకు తానూ వస్తానన్నాడు. వద్దన్నా వినలేదు. బండిలో గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి కూర్చోబెట్టాను. మేము ఎప్పుడూ కొనేది ఒక సాయిబు అంగడిలో. అక్కడ బస్తా మీద కూర్చుని, ఒక కందిబద్ద నోట్లో వేసుకుని కొరికి, పొయ్యమన్నాడు. యేటా పోయించుకునే కొలత అయిపోయింది. సాయిబు చేయి ఆపాడు. ఈయన ఇంకా పొయ్యమన్నాడు. ఉద్దులు కూడా అంతే, చింతపండు కూడా అంతే. రెండింతలు కొనేశాడు. సాయిబు కొలపాత్ర పక్కన పెట్టి ఈయన మొగం చూశాడు.

"ఏమప్పా, ఇంట్లో పెండ్లి పెట్టుకోనుండావా? నాకు సెప్పనే లేదే."

"పెండ్లి మాదిరే బాయ్. జనమొస్తారు. నువ్వూ రావాల."

"పిలిస్తే రానా? మీ ఇంట్లో బిరియానీ యాడ పెడతారులే, వడా పాయసమే గదా."

"వడలే. కడుపు నిండా పెట్టిస్తా."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను ఆయన్ను పక్కకు పిలిచి, నలుగురికి ఇంత ఎందుకని మెల్లగా అడిగాను.

"బిడ్డ ఎట్లా ఎదిగిందో సూడు," అన్నాడు. "ఈ యేడు కాకుంటే వచ్చే యేడు పెద్దమనిసి అవుతుంది. జనం రారా? అప్పుడు చాట ఎత్తుకోని ఎవురింటికి పోతావు?"

వచ్చే యేడు అన్నాడు. ఆ మాట ఒక్కటి నాకు చాలింది. సంత నడిమధ్యలో నాకు కళ్లనీళ్లు వచ్చాయి, మిరపకాయల ఘాటు అని తుడుచుకున్నాను. వచ్చే యేటి సంగతి మాట్లాడే మనిషికి ఏం భయం? ఆ హుషారులో, అట్లయితే చిమ్మిలికి నువ్వులు కూడా తీసుకుందాం మామా అన్నాను. పెద్దమనిషైన పిల్లకు నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి పెట్టకుండా ఎట్లా? పక్కనే గంపలో నల్లనువ్వులు పోసి ఉన్నాయి. ఆయన ఆ గంప వైపు చూసి మొగం తిప్పుకున్నాడు.

"నువ్వులొద్దు మే."

"నువ్వుల్లేకుండా చిమ్మిలి యాడన్నా దంచుతారా?"

"అది అప్పుడు సూసుకోవచ్చు. ఇప్పుడు నువ్వులు ఇంట్లోకి వద్దు."

నూనెగింజ గదా, నిలవుంటే వాసనొస్తుందని వద్దన్నాడు అనుకున్నాను.

ఇంటికొచ్చి మూటలు దించేసరికి అత్త అందుకుంది. నాలుగు నోళ్లకు ఇంత సరుకా, పురుగులకు పోసేదానికి తెచ్చినావా, నీకు మతి పోయిందిరా అని కొడుకును తిట్టింది. ఒక పూట కాదు. మేము పప్పు ఎండబోస్తున్నా, చింతపండు కొడుతున్నా ఆమె నోరు ఆగలేదు. కొడుకును అంతగా తిట్టే మనిషి కాదు. ఒకరోజు నేనే ఎదురు చెప్పాను. ఏదో ఆశపడి కొన్నాడు, ఒంట్లో బాగలేని మనిషిని ఎందుకత్తా ఊరికే అంటావు అని. ఆమె లేచి పశువుల కొట్టంలోకి పోయి కూర్చుంది.

ఆ పనులు చెప్పాలంటే ఇప్పటికీ నా చేతులు కదులుతాయి. కందిపప్పుకు ఆముదం రాసి చాపల మీద ఎండబోశాము. ఉద్దులకు జల్లించిన బూడిద పట్టించి, నీడన ఆరిన వేపాకు మధ్య మధ్యలో వేశాము. చింతపండులో గింజలు నా కూతురు ఏరేది. రాతిఉప్పు చల్లి, బానలో వేసి, యేటా మా ఆయనే కాళ్లు కడుక్కుని లోపలికి దిగి తొక్కేవాడు. ఆ యేడు దిగలేకపోయాడు. అంచుకు ఆనుకుని పిడికిలితో అదిమి, ఆయాసపడి, మళ్లీ అదిమాడు. నేను చేస్తానంటే ఒప్పుకోలేదు.

ఎప్పుడూ పోసేంత ఎప్పటి బానల్లోకి పోయింది. మిగిలినదానికి అటక మీది పెద్ద బాన దింపించాడు. వేలి కణుపుతో కొట్టి, చీలిక లేదని చూసుకున్నాడు. అందులో పప్పు ఒక మూట, ఉద్దులు ఒక మూట, చింతపండు ముద్దలు, వేటికవి వేరువేరుగా గుడ్డల్లో కట్టి పెట్టాడు. పైన బూడిద పోసి, మూత పెట్టి, ఎర్రమట్టిలో పేడ కలిపి చుట్టూ మెత్తాడు. మెత్తినంత మేరా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాడు. ఆ వేలి గుంటలు బాన మెడకు దండ వేసినట్టు కనబడేవి.

"దీన్ని వాడకానికి తీయొద్దు మే," అన్నాడు. "జనమొచ్చినప్పుడే తీయాల."

సరే మామా, నీ కూతురి పండగకు నీ చేత్తోనే పగలగొట్టుదువులే అన్నాను. ఆయన నవ్వి, మట్టిచేయి గోడకు తుడిచాడు. అత్త గడపలో నిలబడి ఉంది. ఆ పూట తిట్టలేదు.

ఆ ఎండాకాలమంతా నేను సంతోషంగా ఉన్నాను. చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది గానీ, ఉన్నాను. బావి దగ్గర అందరికీ చెప్పాను. మా ఆయనకు నెమ్మదించింది, యేడాదికి మించి సరుకు పోశాడు, కూతురి ముచ్చటకని వేరే బాన మెత్తిపెట్టాడు అని. వాళ్లు బిందె నింపుకుంటూ ఊఁ కొట్టేవాళ్లు. పొద్దున లేస్తూనే ఆ బాన దగ్గరికి పోయి, మట్టి నెర్రెలు విచ్చిందేమో చూసి, తడిచేత్తో అలికేదాన్ని. అది చెక్కుచెదరకుండా ఉంటే ఆయన కూడా ఉంటాడు అన్నట్టు.

తొలివాన పడింది. ఊరంతా శెనక్కాయ విత్తుతున్న వారంలోనే ఆయన పోయాడు. ఆ ముందురోజు, విత్తనాలు ఎవరితో వేయించాలో పడుకునే చెప్పాడు. తన సంగతి ఒక్క ముక్క చెప్పలేదు.

కర్మ చేసే పెద్ద దినం ముందు ఆయన తమ్ముడూ దాయాదులూ వాకిట్లో కూర్చుని మాట్లాడుకున్నారు. ఊరికంతా అన్నం పెట్టాలి. అందరి డబ్బూ విత్తనాల్లో పడి ఉంది. ఎవరింట్లో పప్పు అడగాలి, ఏ అంగడిలో అరువు పెడతారు అని పేర్లు అనుకుంటున్నారు. నేను లోపల మూలన ముసుగు వేసుకుని కూర్చుని వింటున్నాను. నాకు ఆ బాన గుర్తుకే రాలేదు. అది నా కూతురిది కదా.

అత్త లేచింది. పొత్రం రాయి చేతికి తీసుకుని బాన దగ్గరికి పోయింది.

"జనమొచ్చినారు," అంది.

రాయితో మట్టి కొట్టింది. ఎండి గట్టిపడింది, ఊరికే రాలేదు. నాలుగు దెబ్బలకు పెచ్చులు పెచ్చులుగా రాలింది, వేలి గుంటలతో సహా. వద్దత్తా, అది బిడ్డది అని అరవబోయాను. సగంలోనే నాకు తెలిసిపోయింది. సాయిబుతో ఆడిన మాట, జనమొస్తారు అన్నది, కడుపు నిండా పెట్టిస్తా అన్నది, ఒకటొకటే వచ్చి నెత్తిన పడ్డాయి.

పెద్ద దినం నాడు ఎవరింటికీ చాట ఎత్తుకుని పోలేదు. ఉద్దులు నానబోసి రుబ్బి వడలు కాల్చారు. పప్పు వండారు, పులుసు కాచారు. సాయిబు కూడా వచ్చాడు. ఆకు ముందు కూర్చుని, వడ చేతిలో పట్టుకుని, తినలేకపోయాడు. చివరికి దాన్ని రుమాలులో కట్టుకుని లేచాడు.

కర్మ చేయించే అయ్యవారు నల్లనువ్వులు అడిగారు. ఇంట్లో లేవు. ఆయన అన్నీ కొని పెట్టాడు, అవి మాత్రం కొనలేదు. పక్కింటామె పరిగెత్తి తెచ్చి ఇచ్చింది. చిమ్మిలి కోసమని నేనే మురిసిపోతూ అడిగిన నువ్వులు. తన దినానికి కావాల్సినవి, తాను బతికుండగా నా చేత మూట కట్టించడానికి ఆయనకు మనసొప్పలేదు.

ఆ తర్వాత ఒకనాడు అత్తా నేనూ అరుగు మీద కాయలు వలుస్తూ ఉన్నాం. నీకు ముందే తెలుసా అని అడిగాను. ఆమె తల ఎత్తలేదు.

"ఆస్పత్రి నుంచి వచ్చిన దినమే సిన్నోడు సెప్పినాడు. నీకు సెప్పొద్దని పెద్దోడు ఒట్టేయించుకున్నాడంట."

"మరి ఆయన్ను అట్లా తిడితివే."

"ఏం సేయమంటావు అమ్మీ. ఏడిస్తే నీకు తెలిసిపోతుంది గదా."

మరుసటి యేడు నా కూతురు పెద్దమనిషి అయింది. నలుగురే వచ్చారు. నువ్వులు కొని తెచ్చి, అత్తే దంచింది. నా చేయి పడకూడదన్నారు, నేను గడప ఇవతల నిలబడి రోకటి చప్పుడు విన్నాను.

సరుకు ఇప్పుడూ యేడాదికి పోసుకుంటాను. బానలు పోయి డాల్డా డబ్బాలు వచ్చాయి. వేపాకు వేస్తాను, ఆముదం రాస్తాను. మూత మాత్రం ఊరికే పైన పెడతాను, గుడ్డ కట్టను, మట్టి మెత్తను. పురుగు పడుతుందే అమ్మా అంటుంది నా కూతురు. పడితే చెరుక్కుని వండుకుంటానులే అంటాను.